దాచిన చీర – ఆర్పిన కొవ్వొత్తి

వార్షికోత్సవ సంచికకు వ్యాసాలు ఇవ్వమని నోటీసు బోర్డులో పెట్టగానే మా హాస్టల్లో అందరూ పేర్లు రాయించుకున్నారు. ‘క్రమశిక్షణ’, ‘చెట్లు – మన బాధ్యత’, ‘అమ్మ’, ‘అంబేద్కర్ బాటలో’ అన్నీ అయిపోయాయి. మా గదివాళ్ళం ఆలస్యంగా వెళ్ళి ప్రేమ గురించి రాస్తామని చెప్పాం. వార్డెన్ సార్ కళ్ళజోడు తీసి మా వైపు చూసి, “ఎవరి ప్రేమరా?” అన్నారు. “దేవతలదీ దయ్యాలదీ సార్” అన్నాం. సార్ నవ్వి, “అయితే రాయండి. మనుషులదైతే నాకు ఫోన్లు వస్తాయి” అన్నారు.

నిజానికి మేము రాస్తున్నది మనుషుల గురించే. సార్ మన్నించాలి.

మేము చెప్పదలచుకున్నది చిన్న విషయం. దేవకన్యో, దయ్యమో, యమదూతో మనిషిని ప్రేమించే కథల్లో మనల్ని కట్టిపడేసేది మంత్రం కాదు, మెరుపు కాదు, పొగ కాదు. ఒక చెయ్యి, ఒక చూపు, ఒక చిన్న సైగ. ఆ సైగలో కూడా చూడవలసింది ఒకటే: బలం ఎక్కువ ఉన్నవాడు ఆగాడా, ఆగలేదా? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే తెర మీద ఏది ప్రేమో, ఏది పట్టుకోవడమో తేలిపోతుంది. తెర మీదే కాదు, మన కాలేజీ బస్టాపులో కూడా తేలిపోతుంది.

ఈ ఆలోచన మాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా హాస్టల్లో డిగ్రీ చదివే అన్న ఒకాయన సంక్రాంతి సెలవుల తర్వాత తన ఫోన్‌లో ఒక కొరియా సీరియల్ తెచ్చారు. దాని పేరు ‘గార్డియన్: ద లోన్లీ అండ్ గ్రేట్ గాడ్’. అందరూ ‘గోబ్లిన్’ అంటారు. 2016 డిసెంబర్ 2 నుంచి 2017 జనవరి 21 వరకు అక్కడి టీవీఎన్ ఛానెల్‌లో 16 ఎపిసోడ్లుగా వచ్చింది. రాసింది కిమ్ ఉన్ సుక్, ప్రధాన దర్శకుడు లీ ఉంగ్ బోక్. స్టడీ అవర్ అయ్యాక ఫోన్‌ను ట్రంకు పెట్టెకు ఆనించి పదకొండు మందిమి చుట్టూ కూర్చునేవాళ్ళం. మాలో ఇంగ్లీషు బాగా వచ్చినవాడు కింద పడే అక్షరాలు చదివి తెలుగులో చెప్పేవాడు. వాడు ఒక మాట చెప్పేలోపు అక్కడ నాలుగు మాటలు అయిపోయేవి. అందుకని మేము మాటలు వదిలేసి చేతులూ కళ్ళూ చూడటం మొదలుపెట్టాం. మాటలు అందకపోయినా కథ అందింది. సైగల విలువ మాకు అలా తెలిసింది.

కథ తెలియనివారి కోసం నాలుగు ముక్కల్లో చెబుతాం. కిమ్ షిన్ గోర్యో రాజ్యంలో సేనాపతి. యుద్ధాలు గెలిచి వస్తే, ఈర్ష్యపడిన రాజు అతన్ని చంపిస్తాడు. చచ్చిపోయినవాడు చావులేని గోబ్లిన్‌గా లేస్తాడు. తొమ్మిది వందల ఏళ్ళకు పైగా గుండెలో కత్తితోనే బతుకుతుంటాడు. ఆ కత్తిని చూడగలిగేదీ, తీయగలిగేదీ అతనికి పెళ్ళికూతురు కావలసిన మనిషి ఒక్కతే. తీస్తే అతను మాయమైపోతాడు. ఆ మనిషి ఉన్ తాక్, తల్లిని పోగొట్టుకుని పిన్ని ఇంట్లో తిట్లు తింటూ చదువుకునే అమ్మాయి. కిమ్ షిన్‌గా గోంగ్ యూ, ఉన్ తాక్‌గా కిమ్ గో ఉన్ నటించారు.

ఈ కథ చూస్తుంటే మాకు మన కథ ఒకటి గుర్తొచ్చింది. దేవకన్యలు కొలనులో స్నానానికి దిగుతారు. రాకుమారుడు గట్టు మీద చీర తీసి దాస్తాడు. చీర లేనిదే ఆమె పైలోకానికి వెళ్ళలేదు. చివరికి అతని ఇల్లాలవుతుంది. 1961లో కె.వి.రెడ్డి గారు తీసిన ‘జగదేకవీరుని కథ’ ఈ దారిలోదే. టీవీలో వచ్చినప్పుడల్లా మెస్సు హాల్లో చోటు ఉండదు. ఎన్.టి.రామారావు గారిని చూసి ఈలలు వేస్తాం. పాటలకు పళ్ళేలు మోగిస్తాం. అందులో మాకు ఏ తేడా కనిపించలేదు.

తమాషా ఏమిటంటే కొరియావాళ్ళకు కూడా అచ్చం ఇలాంటి జానపద కథే ఉంది. ఒక కట్టెలు కొట్టేవాడు వేటగాడి బారి నుంచి జింకను కాపాడతాడు. ఆ జింక బదులుగా ఒక రహస్యం చెబుతుంది. ఫలానా కొలనుకు దేవకన్యలు వస్తారు, ఒకామె బట్టలు దాచు, పిల్లలు పుట్టేదాకా తిరిగి ఇవ్వకు అని. అతను అలాగే చేస్తాడు. కాపురం సాగుతుంది, పిల్లలు పుడతారు. ఒకరోజు జాలిపడి బట్టలు చూపిస్తాడు. ఆమె అవి కట్టుకుని పిల్లల్ని చంకనెత్తుకుని ఆకాశంలోకి వెళ్ళిపోతుంది. మన సినిమాలో కూడా చీర చేతికి రాగానే దేవకన్య స్వర్గానికి వెళ్ళిపోతుంది కదా! ఎక్కడి తెలుగునేల, ఎక్కడి కొరియా? రెండుచోట్లా కథ చెప్పినవాళ్ళకు ఒక సంగతి మాత్రం తెలుసు. దాచిపెట్టి నిలబెట్టుకున్న మనిషి ఎన్నేళ్ళున్నా ఉన్నట్టు కాదు. చీర దొరికిన మరుక్షణం ఆమె మనసులో ఏముందో బయటపడుతుంది. ఆ ముక్క కథలోనే ఉంది. ఈలలు వేసే మనకు వినపడలేదు, అంతే.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పోయిన సంవత్సరం మాలో ఒకడు తన క్లాసు అమ్మాయి ఫిజిక్స్ రికార్డు తీసి దాచాడు. ఆ అమ్మాయి వచ్చి అడగాలి, అడిగితే మాట్లాడవచ్చు అని వాడి ప్లాను. మేమందరం వాడి వెనక నిలబడి నవ్వాం. ఆ పిల్ల అడగలేదు. రెండు రోజులు వెతికింది. మూడో రోజు లెక్చరర్ అడిగితే తల వంచుకుని నిలబడింది. సంతకం లేని రికార్డు కాబట్టి మళ్ళీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది. అప్పుడు మావాడు భయపడి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె రికార్డు తీసుకుని ఒక్క చూపు చూసింది. కోపం లేదు, అసహ్యం లేదు, అలసట ఉంది. ఆ తర్వాత ఆమె మేమెక్కే బస్సు ఎక్కడం మానేసింది. ముందు బస్సుకు వెళ్ళాలంటే తెల్లవారక ముందే లేవాలి. మేము ఆడిన సరదాకు ఆమె నిద్ర ఖర్చయింది.

చీర దాచినా, రికార్డు దాచినా ఒకటే పని. ఆ రోజు ఈ మాట మాకు ఎవరైనా చెప్పి ఉంటే కొట్లాటకు దిగేవాళ్ళం. ఎందుకంటే అది ప్రేమ అనే మేము అనుకున్నాం.

ఇప్పుడు గోబ్లిన్‌కు వద్దాం. మొదటి ఎపిసోడ్‌లోనే ఉన్ తాక్ పుట్టినరోజు వస్తుంది. ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. తల్లి గుర్తుగా మిగిలిన ఎర్ర మఫ్లరు మెడకు చుట్టుకుని, చిన్న కేకు పట్టుకుని సముద్రం ఒడ్డున రాళ్ళ కట్ట మీద ఒంటరిగా కూర్చుంటుంది. మొక్కుకుని కొవ్వొత్తులు ఊదుతుంది. సన్నటి పొగ లేస్తుంది. తల తిప్పితే అతను నిలబడి ఉంటాడు, చేతిలో తెల్లటి బక్‌వీట్ పూలగుత్తితో. ఎందుకు వచ్చాడో, ఎలా వచ్చాడో అతనికే అర్థం కాదు. ఆమె మంట ఆర్పితే అతను రావలసిందే. అది ఆ కథలో నియమం. అగ్గిపుల్లను ఊదినా వస్తాడు.

చూడండి, ఎంత తిరగబడిందో! తొమ్మిది వందల ఏళ్ళ బలవంతుడు, గాలినీ వాననూ కదిలించగలిగినవాడు. అతన్ని రప్పించే శక్తి మాత్రం పిన్ని ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి ఊపిరిలో పెట్టారు. చీర దాచే కథలో మనిషి దేవకన్య దారి మూసేస్తాడు. ఈ కథలో మనిషి పిలిస్తే దేవుడంతటివాడు వస్తాడు. ఆ కథలో చెయ్యి లాక్కుంటుంది, ఈ కథలో ఊపిరి పిలుస్తుంది. ఈ సన్నివేశం తీసిన చోటు గాంగ్నుంగ్ నగరంలోని జుమున్‌జిన్ తీరం. ఇప్పటికీ జనం అక్కడికి వెళ్ళి ఎర్ర మఫ్లరు వేసుకుని, పూలగుత్తి పట్టుకుని ఫోటోలు దిగుతారట. నిజానికి అక్కడ ఉన్నది సముద్రంలోకి కట్టిన ఒక రాళ్ళ కట్ట మాత్రమే. ఆ ఊదిన సైగ దాన్ని యాత్రాస్థలం చేసింది.

ఎందుకిలా జరుగుతుంది? మేము ఆలోచించాం. ఆకాశంలో ఎగరడం మనలో ఎవరికీ తెలియదు. కత్తితో కారును రెండుగా నరకడం తెలియదు. అలాంటివి చూస్తే ‘అబ్బో’ అంటాం, అంతే. కానీ కొవ్వొత్తి ఊదడం అందరికీ తెలుసు. మన హాస్టల్లో కరెంటు పోయినప్పుడల్లా చేసే పనే. మనకు తెలిసిన పని ద్వారా తెలియని లోకం లోపలికి వస్తే అప్పుడు నమ్ముతాం. పైగా చిన్న సైగను చూపించాలంటే కెమెరా దగ్గరకు రావాలి. దగ్గరకు వస్తే వేలి వణుకు, కంటి తడి కనిపిస్తాయి. ఎదుటి మనిషిని అంత దగ్గరగా, అంత తీరిగ్గా చూడటం మనకు రోజూ కుదరదు. అందుకే తెర మీది సాన్నిహిత్యం కౌగిలింతలో కన్నా చూపులో ఎక్కువ ఉంటుంది.

మాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇంకొకటి. అతని గుండెలో కత్తి ఆ అమ్మాయికి మొదటి నుంచీ కనిపిస్తూనే ఉంటుంది. కానీ ఆ మాట ఎత్తదు. ఎదుటి మనిషి గాయం గురించి చూడగానే అడగడం మర్యాద కాదని ఊరుకుంటుంది. తనకేమీ కనిపించడం లేదని అతను అనుకుంటాడు.

ఇది చూసిన రోజు మా గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎందుకో హాస్టల్లో ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఆరో తరగతిలో మేము ఇక్కడికి వచ్చిన రోజు ఒక్కొక్కరి ఒంటి మీద, మనసు మీద ఏవో మచ్చలున్నాయి. తండ్రి లేనివాడున్నాడు. ఇటుక బట్టీ దగ్గర చెయ్యి కాల్చుకున్నవాడున్నాడు. పక్కబెడ్డువాడు చూశాడు, అడగలేదు. తన దుప్పటి సగం ఇటు జరిపాడు. అంతే. ఆ దుప్పటి జరిపిన సైగ ఈ రోజుకీ గుర్తుంది. చూసి అడగకుండా ఉండటం కూడా దగ్గరితనమే అని కొరియావాళ్ళు సీరియల్ తీసి చెబితే గానీ మాకు తెలియలేదు.

ఈ సీరియల్లో యమదూత కూడా ఉన్నాడు. లీ డాంగ్ వుక్ వేశాడు. అతనికి పేరు లేదు, గతం గుర్తులేదు. నల్ల టోపీ పెట్టుకుంటే ఎవరికీ కనిపించడు. అతను మనిషి చేతిని తాకితే ఆ మనిషి పూర్వజన్మ కళ్ళ ముందుకు వస్తుంది. ఒక కాలి వంతెన మీద ఉంగరాలమ్మే చోట సన్నీ అనే అమ్మాయిని మొదటిసారి చూడగానే అతని కళ్ళలోంచి నీళ్ళు కారిపోతాయి. ఎందుకో అతనికే తెలియదు. ఒక్క కన్నీటి చుక్కతో ఒక జన్మ కథ మొదలవుతుంది. తాకితే ఏం జరుగుతుందో మనకు ముందే తెలుసు గనుక రెండు చేతులు దగ్గరకు వస్తుంటేనే మన గుండె కొట్టుకుంటుంది.

తాకడానికి ఇంత బరువు ఉంటుందని పట్నం పిల్లలకు ఈ కథలు చూస్తే తెలుస్తుందేమో. మాకు ముందే తెలుసు. మాలో కొందరి ఊళ్ళలో టీ బంకు దగ్గర మాకు వేరే గ్లాసు ఉండేది. గ్లాసు చేతికివ్వరు, బల్ల మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంటారు. చిల్లర కూడా చేతిలో పెట్టరు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ వెనక్కి తీసుకునే చెయ్యి మాత్రం ఇంకా కొన్నిచోట్ల అలాగే ఉంది. అది కూడా చిన్న సైగే. మాటలేమీ లేవు, అయినా అంతా చెప్పేస్తుంది. రెండు లోకాల మధ్య గోడ ఉందని ఆ చెయ్యి చెబుతుంది. అందుకే దేవుడికీ మనిషికీ మధ్య గోడ దాటి ఒక చెయ్యి ముందుకు చాపడం చూస్తే అది మాకు వట్టి కల్పనలాగా అనిపించదు. గ్లాసు నేరుగా మా చేతికిచ్చిన మొదటి మనిషి ముఖం మాకింకా గుర్తుంది.

ఇంత పొగిడాం కదా అని గోబ్లిన్‌లో తప్పులేవీ లేవని మా ఉద్దేశం కాదు. ఆ అమ్మాయి ఇంకా స్కూల్లో చదువుతున్నది, అతను వందల ఏళ్ళవాడు. ఈ విషయంలో విమర్శలు వచ్చాయి, అవి న్యాయమైనవే. ఇంకొకటి. పదమూడో ఎపిసోడ్‌లో పాత శత్రువు ప్రేతమై వచ్చినప్పుడు అతను ఆమె చేతిని పట్టుకుని, ఆమె ఏడుస్తున్నా వినకుండా, ఆ చేతితోనే కత్తి లాగించుకుంటాడు. ఆమెను కాపాడటానికే చేశాడు, నిజమే. మా అన్న ఆ ఘట్టం చూసి కళ్ళు తుడుచుకున్నారు. మాలో ఒకడు మాత్రం, “ఆమెను అడగలేదు కదన్నా” అన్నాడు. ఆ రాత్రి పన్నెండింటిదాకా వాదించుకున్నాం. త్యాగమే అయినా ఎదుటివారి చేతిని వారి ఇష్టం లేకుండా వాడుకోవచ్చా? మేము రెండు పార్టీలుగా విడిపోయాం, ఇప్పటికీ అలాగే ఉన్నాం. అయితే తొమ్మిదేళ్ళ తర్వాత అతను తిరిగి వచ్చేది కూడా ఆమె మళ్ళీ ఒక కొవ్వొత్తి ఊదినప్పుడే. కథ రాసినామెకు మొదటి నియమం గుర్తుంది. లాగిన చెయ్యి విడదీసింది, ఊదిన ఊపిరి కలిపింది.

మనవాళ్ళు ఈ విద్యలో వెనకబడ్డారని కూడా అనుకోవద్దు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చూడండి. అందులో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది. తెరిచినవారికి తమకు ఎక్కువ ఇష్టమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు కనిపిస్తాడు. పక్కన వాళ్ళున్నా తాకే పని లేదు, లాక్కునే పని లేదు. ఒక పెట్టె, ఒక చూపు, సావిత్రి గారి ముఖంలో సిగ్గు. ఎంత మాయ ఉన్నా మనకు గుర్తుండిపోయేది ఆ ముఖమే. 1990లో వచ్చిన ‘జగదేక వీరుడు అతిలోక సుందరి’లో ఇంద్రజ ఉంగరం రాజుకు దొరుకుతుంది. అతను దొంగిలించలేదు. అది లేనిదే ఆమె స్వర్గానికి వెళ్ళలేదు. ఉంగరం కోసం దిగివచ్చిన ఆమె మనసు మారేది ఆ ఉంగరం వల్ల కాదు. తల్లీతండ్రీ లేని పిల్లల్ని అతను చూసుకునే తీరు చూసి మారుతుంది. చీర దాచిన చోటి నుంచి మన సినిమా కూడా ఎంతో కొంత ముందుకు నడిచిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

“సినిమాలకూ సీరియల్స్‌కూ ఇంత ఆలోచన ఎందుకురా? చూసి మరచిపోండి” అని మా మిత్రులు కొందరన్నారు. మరచిపోతే బాగానే ఉండును. మనం మరచిపోవడం లేదే! అమ్మాయి సైకిలుకు అడ్డం నిలబడటం ఎక్కడ నేర్చుకున్నాం? వద్దంటే అవునని అర్థం అని ఎవరు చెప్పారు? అమ్మానాన్నలు చెప్పలేదు, సార్లు చెప్పలేదు. చూసి నేర్చుకున్నాం. చెడ్డది చూసి నేర్చుకున్నవాళ్ళం మంచిది చూసి కూడా నేర్చుకోగలం. ఇంట్లో మనకూ అక్కచెల్లెళ్ళున్నారు. వాళ్ళూ ఏదో ఒక బస్సు ఎక్కి చదువుకోవడానికి వెళ్తున్నారు. వాళ్ళ రికార్డు ఎవడైనా దాస్తే మనం నవ్వుతామా?

చివరగా ఒక కబురు. ఈ వార్షికోత్సవానికి మేము వేస్తున్న నాటికలో దేవకన్య ఉంది. పాత రాతలో కథానాయకుడు ఆమె చీర దాస్తాడు. సాంబ్రాణి పొగ వెయ్యాలని, రేకు కొట్టి ఉరుము శబ్దం తెప్పించాలని మొదట అనుకున్నాం. రిహార్సల్లో పొగకు అందరూ దగ్గారు, ఉరుముకు అందరూ నవ్వారు. దాంతో ఆ ఘట్టం తీసేశాం. ఇప్పుడు దేవకన్య దారి తప్పి హాస్టలు వరండాలోకి వస్తుంది. ఆకలిగా ఉన్నానని చెప్పదు. కుర్రవాడు అన్నం పళ్ళెం ఆమె ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడతాడు. ఆమె తీసుకునేదాకా ఆగుతాడు. మాటల్లేవు. మొన్న రిహార్సల్లో ఆ చోట మా వంట అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ రికార్డు మేము తిరిగి ఇచ్చాం గానీ క్షమించమని అడగలేదు. పేరు రాయం, ఆమెకు అది ఇష్టం ఉండదు. ఈ సంచిక కాలేజీకి కూడా వెళ్తుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాం: తప్పు చేశాం చెల్లీ. నువ్వు మళ్ళీ పాత బస్సుకు రావచ్చు. మేము వెనక సీట్లలో కూర్చుంటాం. నువ్వు పలకరిస్తేనే పలుకుతాం.